చెట్టు దగ్గరే లెక్క

"చెయ్యి చాపు" అంది స్నేహలత.

చాపాను. నా అరచేతిలో ఒక ఫోన్ పెట్టింది. మరుక్షణం దాన్ని టేబుల్ మీద పడేసి చెయ్యి ఊదుకున్నాను.

"ఏందిది?"

"మా బాపు ఫోన్. అర్ధగంట సంది దీంట్ల నీ యాప్ నడుస్తాంది. నిన్న తోటల తిరుగుతుంటే జేబుల పెట్టుకోరాకుండ అయిందట. గిది కాయలు లెక్కవెడుతదా, రొట్టెలు కాలుస్తదా అని అడిగిండు. నిన్నడిగి చెప్త అన్న."

ఆఫీసు మొత్తం నవ్వింది. మొత్తం అంటే తొమ్మిది మంది. నల్లగొండ ఐటీ టవర్‌లో మాకంటే చిన్న కంపెనీ ఉందని నేననుకోను. చేరి మూడు వారాలు కాలేదు, ఈ అమ్మాయి నా నాలుగు నెలల కష్టాన్ని రొట్టెల పెనం చేసింది. ఒళ్లు మండింది.

"నా ఫోన్ల మంచిగనే నడుస్తది" అన్నాను.

"నీ ఫోన్ కొత్తది. ఏసీ రూముల కూసొని చూసుకుంటే అన్నీ మంచిగనే నడుస్తయి."

నల్లగొండ దిక్కు బత్తాయి రైతులు కాయ చెట్టు మీద ఉండగానే తోట అమ్మేస్తారు. కొనేవాడు తోటంతా ఒక చుట్టు తిరిగి, కంటి అంచనాతో ఇంత కాపు ఉందని తేలుస్తాడు. రైతు కంటికి ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది, కొనేవాడి కంటికి ఎప్పుడూ తక్కువే. ఫోన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగితే కాయలు లెక్కపెట్టే యాప్ మాది. ఒక్కసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడిచేలా దాన్ని రాసింది నేను, ప్రేమ్‌సాగర్. స్నేహలత దారి వేరు. ఆండ్రాయిడ్ ఫోన్ సొంత భాషలో, దాని కెమెరాతోనూ చిప్‌తోనూ నేరుగా మాట్లాడేలా రాస్తుంది.

కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పది నిమిషాలు నా కోడ్ చదివింది. నేను ఆ పది నిమిషాలూ ఆమె చెవి జుంకాను చూస్తూ కోపం నిలబెట్టుకోవడానికి చాలా కష్టపడ్డాను.

"కెమెరా సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తది. ఒక్కొక్క బొమ్మను మూటగట్టి నీ కోడ్ దిక్కు తెచ్చుకుంటున్నవ్. మూట ఇప్పి లెక్కవెడుతున్నవ్. ఫోన్ వేడెక్కకుంట ఏమైతది?"

"రెండు తీర్ల ఫోన్లల్ల ఒకటే కోడ్ నడవాల్నంటే గట్లనే చేయాలె."

"తోటల కాయలెన్ని ఉన్నయో తెలుసుకోను, కాయలన్నీ తెంపి, లారీకెత్తి నల్లగొండకు తెప్పించుకుంటవా? చెట్టు కాడున్నోడు లెక్కవెట్టి అంకె చెప్తే సాలదా?"

ఆమె చెప్పింది నిజం, అది ఇంకా బాధ.

మా మేనేజర్ ఇస్రాయేలు సార్ వచ్చి తగువు తీర్చారు. "ఆదివారం పొద్దుగాల మల్లయ్య గారి తోట చూడను కొనేటోళ్లు వస్తున్నరట. ఆయన మన యాప్ వాడుత అన్నడు. కెమెరా, లెక్క స్నేహలత రాస్తది. స్క్రీను నువ్వు రాయి. ఐఫోన్‌లల్ల కెమెరా, లెక్క నేను రాస్త. ఇద్దరు కొట్లాడకుంట చేయుండ్రి."

ఆ మల్లయ్య గారే స్నేహలత వాళ్ల బాపు.

సోమ, మంగళవారాలు పక్కపక్కనే కూర్చున్నాం. కొట్లాట ఆగలేదు.

"నీ కోడ్ నా కోడ్‌ను సెకనుకు అరవై సార్లు అడుగుతాంది, లెక్క ఎంతాయె, లెక్క ఎంతాయె అని."

"అడుగకుంటే ఎట్ల తెలుస్తది?"

"లెక్క మారంగనే నేనే చెప్త. అప్పటిదాక జర ఓపిక వట్టు."

ఓపిక నా ఒంట్లో లేదు. ఆమె టీ తాగడానికి వెళ్తే తలుపు వైపు చూస్తాను. వస్తే స్క్రీన్ వైపు చూస్తాను. ఆమె వాట్సాప్‌లో ఆన్‌లైన్ అని కనిపిస్తే గుండె దడ, కనిపించకపోతే ఇంకో రకం దడ. ప్రేమించాను. అంతే, దానికి వేరే పేరు లేదు.

బుధవారం విజేందర్ బాంబు వేశాడు. విజేందర్ మా ఆఫీసే, ఆమె ఊరివాడే.

"ఆదివారం పొద్దుగాల తోట చూసేటోళ్లు, పదకొండు గంటలకు పిల్లను చూసేటోళ్లు. షాద్‌నగర్ సంబంధం. పిల్లగాడు మంచోడేనట."

అన్నం సహించలేదు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి మెట్ల దగ్గర విజేందర్ చెయ్యి పట్టుకున్నాను. "నీ పుణ్యముంటది. ఆమె మనసుల ఏమున్నదో జర అడుగు."

అడిగి వచ్చాడు. "ఏమనలే. నా ముఖం చూసి లేచిపోయింది" అన్నాడు.

గురువారం స్నేహలత నా వైపు వంగి మెల్లగా అంది: "ప్రేమ్, విజేందర్‌కు ఒక ముచ్చట నువ్వే చెప్పాలె."

"ఏమని?"

"నాకు ఆయనంటే అన్నలెక్క అని. నిన్న క్యాంటీన్ల, 'మన ఆఫీసుల ఒకాయనకు నువ్వంటే ఇష్టం, పేరు చెప్పరాదు, నీ మనసుల ఏమున్నది' అని అడిగిండు. గట్ల అడిగేటోడు తన గురించే గదా అడుగుతడు. నేను చెప్తే బాధపడ్తడు."

అప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచాను కూడా. "చెప్త" అన్న ఒక్క మాట తప్ప ఏమీ రాలేదు.

విజేందర్‌ను పార్కింగ్‌లో పట్టుకుని దులిపేశాను. "పేరెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పుమన్నవా? మనసుల ఏమున్నదో అడుగుమన్నవ్. అడిగిన. ఇప్పుడు ఆమె నాతోని మాట్లాడుతలేదు. మా అవ్వకు తెలిస్తే నన్ను సంపుతది." అతని బాధ అతనిది.

శుక్రవారం ఇద్దరం కనగల్ దాటి వాళ్ల తోటకు వెళ్లాం. ఆమె స్కూటీ ముందు, నా బండి వెనక. పది చెట్లు కాకముందే వాన అందుకుంది. చెట్ల మధ్య మోటరు గదిలోకి పరుగెత్తాం. ఇద్దరు నిలబడే చోటు మాత్రమే ఉంది అందులో. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆమె కొంగుతో వాళ్ల బాపు ఫోన్ తుడిచి నా చేతికిచ్చింది.

"చూడు. నలభై నిమిషాలు నడిచింది."

ఫోన్ మామూలుగా ఉంది. చార్జింగ్ ఎనిమిది శాతమే తగ్గింది. తెర మీద నా పచ్చ అంకె, దాని వెనక ఆమె లెక్క. బొమ్మలన్నీ కెమెరా దగ్గరే ఆగిపోతున్నాయి, నా వైపుకు అంకె ఒక్కటే వస్తోంది. ఆమె మొదటిసారి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు మతిపోయింది.

"అడిగింది విజేందర్ కాదు" అన్నాను.

"ఏందీ?"

"నీ మనసు అడిగింది. విజేందర్ తన గురించి అడుగలే. నేనే పంపిన."

నవ్వు ఆగిపోయింది.

"రోజుకు తొమ్మిది గంటలు నా పక్కన కూసుంటవ్. నీ మోచెయ్యి నా మోచేతికి తాకుతది. నా మనసుల మాట అడగను నీకు విజేందర్ కావాల్నా?"

"భయమైంది."

"నిన్న నేను విజేందర్ గురించి చెప్తుంటే 'చెప్త' అన్నవ్. అప్పుడు గూడ భయమేనా? పాపం ఆయనను రెండ్రోజుల సంది పలుకరిస్తలేను." స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. "ఆదివారం పదకొండు గంటలకు వాళ్లొస్తరు. వాళ్లకు నేను ఏదో ఒక జవాబు చెప్పాలె. నువ్వు నన్ను ఏమన్న అడిగినవా? ఇప్పటికి గూడ అడుగలే. ఎవరిని పంపినవో చెప్పినవ్, అంతే."

వానలోనే స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది.

శనివారం ఆమె ఆఫీసుకు రాలేదు. పద్నాలుగు మెసేజులు టైప్ చేశాను, పద్నాలుగూ చెరిపేశాను. మెసేజ్ కూడా విజేందర్ లాంటిదే అనిపించింది. గడియారం చూడటం, గదిలో తిరగడం, మళ్లీ గడియారం. రేపు పదకొండు తర్వాత ఈ అమ్మాయి ఇంకొకరిది కావచ్చు, నేను నోరు మూసుకుని స్క్రీన్లు రాసుకుంటూ ఉండొచ్చు. ఆ ఆలోచనే భరించలేకపోయాను.

ఆదివారం ఎనిమిదికల్లా తోటలో ఉన్నాను. కొనేవాళ్లు ఇద్దరు వచ్చారు. మల్లయ్య గారు ఫోన్ పట్టుకుని, మొదటి చెట్టు చుట్టూ నిదానంగా తిరిగారు.

"ఆరు వందల పన్నెండు" అన్నారు.

"నాలుగు వందలకు మించి ఉండయి. ఫోన్ మాటలు నమ్ముతరా?" అన్నాడు పెద్ద బేరగాడు.

"తెంపి చూడు."

తెంపారు. కింద పట్టా పరిచి, పదేసి చొప్పున లెక్కపెట్టారు. ఆరు వందల నాలుగు. బేరగాడు ఒకసారి చెట్టును, ఒకసారి ఫోన్‌ను చూసి, మిగతా చెట్లు కూడా చూపించమన్నాడు. మల్లయ్య గారి నడకకు ఊపొచ్చింది.

టైం పదిన్నర దాటింది. స్నేహలత మూడో వరుస దగ్గర పుస్తకంలో అంకెలు రాసుకుంటోంది. కొత్త చీర కట్టుకుంది, వచ్చేవాళ్ల కోసం. నన్ను చూసీ చూడనట్టే ఉంది.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"స్నేహా, నువ్వంటే నాకిష్టం. ఫోన్ నా చేతుల పెట్టిన రోజు సంది ఇష్టం. నిన్ను పెండ్లి చేసుకుంట. నీకిష్టమేనా?"

పెన్ను ఆగింది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ కాసేపూ నాకు శనివారం మొత్తం కంటే పొడుగు.

"ఇష్టమే" అంది. "కానీ మా బాపుకు నేను చెప్ప. నువ్వే అడుగు."

మల్లయ్య గారు ఒక చెట్టు పూర్తిచేసి కండువాతో ముఖం తుడుచుకుంటున్నారు. బేరగాళ్లు ముందు వరుసలో ఉన్నారు.

"సార్, నేను స్నేహలతను పెండ్లి చేసుకుంట. మీరు ఒప్పుకోవాలె."

ఆయన తుడుచుకోవడం ఆపారు. "ఆమెకు చెప్పినవా?"

"ఇప్పుడే. ఇష్టమే అన్నది."

"మీది ఏ ఊరు?"

"బాలానగర్ కాడ. మా నాయిన మిల్లుల పనిచేస్తడు. పొద్దుగూకేలోపు ఇంటికి పోయి చెప్త."

ఆయన కూతురి వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు. ఆయన ఇంకేమీ అడగకుండా యాప్ మూసి, ఆ ఫోన్‌లోనే నంబరు నొక్కారు.

"ఆ, నేనే మల్లయ్యను. యాడిదాక వచ్చిండ్రు? నార్కట్‌పల్లినా? తప్పు నాది. పిల్ల మనసు ముందు అడుగకపోతి. ఆమెకు ఇంకొకాయన ఇష్టమట, ఇప్పుడే తెలిసింది. మిమ్ములను దారిల కష్టపెట్టిన, ఏమనుకోకుండ్రి." అవతల ఏమన్నారో, ఆయన రెండుసార్లు "నిజమే" అని పెట్టేశారు.

తర్వాత నా వైపు తిరిగారు. "ఇంట్ల మీ అత్త పొద్దటి సంది గారెలు చేస్తాంది. ఆమెకు గూడ నువ్వే చెప్పు. నాకు ఇంక ముప్పై చెట్లున్నయి."

మీ అత్త అన్నారు. నిజంగానే అన్నారు. స్నేహలత కూడా వింది, బుగ్గలు చూస్తే తెలుస్తోంది.

తోట చివర్నే ఇల్లు. ఇద్దరం గడప దగ్గరికి వెళ్లేసరికి వాళ్లమ్మ యాదమ్మ గారు జాలిగంటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చారు. నన్నూ, నా బురద చెప్పులనూ చూశారు.

"ఎవరు బిడ్డా? వచ్చేటోళ్లు వచ్చిండ్రా?"

"వచ్చిండమ్మా" అంది స్నేహలత, పక్కకు జరిగి నాకు దారి ఇస్తూ.