వంటింటి గవాచి

లింబాద్రి కప్పు మీద మొదటి పెంకు తీయగానే లోపలి పొగ గుప్పున వచ్చి ముఖానికి కొట్టింది. దగ్గుతూ పక్కకు జరిగాడు. మోకాలు తగిలి మరో నాలుగు పెంకులు కదిలాయి. వాటి మీది మట్టి జలజలా లోపలికి రాలింది.

"ఎవరయ్యా మీద? పెంకులు సదురుమంటే పప్పుల మన్ను పోస్తున్నవా?"

అతను తొంగి చూశాడు. పొగలోంచి ముందు ఊదుగొట్టం కనబడింది, తరువాత దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆ తరువాత నీళ్లు కారుతున్న రెండు ఎర్రటి కళ్లు.

"పప్పు కోసం ఏడుస్తున్నవా?"

"ఏడుసుడెందుకు? పొగకు. మా ఇంట్ల పొద్దుమాపు గిట్లనే ఉంటది. పప్పు కోసమైతే నిన్ను తిడుతున్న, గంతే."

ఆ పిల్ల పేరు గంగుబాయి. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే భోజన్న కూతురు. తల్లి లేదు. ఇంట్లో మూడో మనిషి భోజన్న తల్లి వెంకటవ్వ. ఆమెకు దమ్ము, ఉబ్బసం. గాలి తగలనివ్వొద్దని ఎవరో హకీం చెప్పాడట. అప్పటినుంచి భోజన్న గోడల్లో సందు కనబడితే చాలు, గోనెసంచి ముక్కలు కుక్కుతున్నాడు. ఉన్నవి రెండర్రలు, ఒకటే తలుపు. ముందర్రలో తంబాకు ఘాటు, వెనకర్రలో పొయ్యి పొగ, ఆ రెంటి నడుమ ముసలామె మంచం.

లింబాద్రిది నవీపేట. తాపీ పని నేర్చుకుని, బోధన్‌లో కొత్తగా లేస్తున్న చక్కెర ఫ్యాక్టరీ దగ్గర కూలీల ఇళ్లు కడుతున్నాడు. వానలకు అక్కడ పని ఆగితే, మేనత్త ఇంటికి వచ్చి ఈ వాడలో పెంకులు సదురుతున్నాడు.

ఆ సాయంత్రం భోజన్నతో అన్నాడు. "పొయ్యి మీది గోడకు ఒక గవాచి పెట్టుకోండ్రి. ఇంత కంత చాలు. పొగ పోతది, గాలొస్తది."

"గాలొస్తే మా అవ్వ దక్కుతదా? నీ పని పెంకులు సదురుడు. గది చూస్కో."

మరునాడు గంగుబాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇచ్చేముందు ఒకసారి ఎగాదిగా చూసింది.

"గా గోడ ఎనుక బావి ఉన్నది. గవాచి పెడితే బావికాడికొచ్చేటోళ్లకు నేను కనవడుత. నువ్వు గూడ గా బావికే వస్తవు గదా?"

నీళ్లు తాగుతున్న లింబాద్రికి పొరపోయింది. ఆ ఉద్దేశం తనకు లేదని చెప్పాలనుకున్నాడు. కానీ ఆమె అన్నాక ఆ ఊహ బాగానే ఉందనిపించి, నోరు మెదపలేకపోయాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కగట్టి, చెంబు లాక్కుని లోపలికి పోయింది.

మూడోనాడు పొద్దున్నుంచే ముసురు. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు, పొగ మాత్రం ఇల్లంతా కమ్మింది. లింబాద్రి కప్పు మీద మిగిలిన పని ముగిస్తుండగా కింద గంగుబాయి కేక వినబడింది.

"బాపూ! అవ్వకు ఊపిరాడ్తలేదు!"

లింబాద్రి ఎవరినీ అడగలేదు. పొయ్యికి సూటిగా ఉన్న పెంకులను రెండు చేతులా పీకి పక్కన పడేశాడు. పొగ తోసుకుంటూ పైకి లేచింది, వాన లోపలికి దిగింది. గంగుబాయి మండే కట్టెలను వాకిట్లోకి విసిరింది. లింబాద్రి దూకి వచ్చి, భోజన్నతో కలిసి ముసలామె మంచాన్ని తలుపు దగ్గరికి జరిపాడు.

"వానగాలి కొడుతుందిరా! మా అవ్వను సంపుతవా?" అంటూ భోజన్న తలుపు మూయబోయాడు.

వెంకటవ్వ కొడుకు చెయ్యి పట్టుకుంది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"మూయకు బిడ్డా... గాలొస్తుంది."

ఆమె ఎదురురొమ్ము మెల్లగా కుదుటపడింది. భోజన్న గడప మీద కూలబడి తల్లి ముఖమే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ తను ప్రేమతో కుక్కిన గోనెముక్కలను ఆ సాయంత్రం తనే ఒక్కొక్కటీ పీకేశాడు.

వాన తెరిపిచ్చాక లింబాద్రి గోడకు కన్నం కొట్టాడు. కప్పుకు జానెడు కింద, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో. గంగుబాయి చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"గంత మీద పెట్టినవేంది?"

"బావికాడ నిలవడ్డోళ్లకు నువ్వు కనవడొద్దని. నాకు గూడ."

ఆమె గోడ వైపు చూసింది, తరువాత అతని వైపు. గొంతు తగ్గించి అంది.

"మరి నాకు నువ్వెట్ల కనవడుతవు? గది సోంచాయించలేదా?"

లింబాద్రి చేతిలోని తాపీ జారి అడుసులో పడింది.

మరునాడు బోధన్ పోవలసినవాడు పోలేదు. మేనత్తను వెంటబెట్టుకుని భోజన్న అరుగు ముందు నిలబడ్డాడు. కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు. ఆ సంగతి వెంకటవ్వ మంచంలోంచే ఎప్పుడో ఆరా తీసి పెట్టుకుంది.

"అన్నా, మీ గంగుబాయిని నాకిచ్చి..."

"నన్ను అన్న అంటే దానికి కాకవైతవు గదరా!" అన్నాడు భోజన్న. నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు. కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవు బిడ్డా?"

గంగుబాయి తలుపు చాటున ఉంది. "పిల్లగాడు మంచోడే బాపూ. కానీ నేను బోధన్ పోతే అవ్వకు ఎవరు వండిపెడ్తరు? నాకు పెండ్లొద్దు."

లింబాద్రి తల వంచుకున్నాడు. మేనత్త కొంగు సర్దుకుని వెనుదిరగబోయింది.

అంతలో మంచం కిర్రుమంది. వెంకటవ్వ గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగే వేస్తూ వెనకర్రలోకి నడిచింది. దమ్ము మొదలైన నాలుగేళ్లలో ఆమె ఆ అర్ర గడప తొక్కలేదు. భోజన్న కంగారుగా వెంట పోబోతే చేత్తోనే ఆపింది. పొయ్యి ముందు కూర్చుని పుల్లలు పేర్చింది, నిప్పు రాజేసింది. లేచిన పొగ నిటారుగా పైకి పోయి గవాచిలోంచి బయటపడింది. ఆమె కాసేపు ఊపిరి చూసుకుంది. దగ్గు రాలేదు.

"ఓ గంగూ, జొన్నపిండి ఏడ పెట్టినవే? అల్లునికి ఆకలైతలేదా?"