కడుగునీళ్లు

తెల్లవారేసరికి పెద్ద తొట్టిలో మళ్లీ జానెడు నీళ్లు మాయమయ్యాయి. ఊళ్లోకి పోయే గొట్టాల మూతల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

ఓబుళమ్మ కొలబద్ద మీది తడి గీతను వేలితో మరోసారి తడిమి చూసింది. ఆమె ఎర్రగుట్ట నీరుగంటి. పొద్దున్నే తొట్టిని కొలవడం, వడపోత ఇసుకను కడగడం, నీటి హక్కుకు గుర్తుగా గొంతుబిళ్ల ఉన్న ప్రతి మణికట్టుకూ ఆ రోజు వాటా అందేలా చూడటం ఆమె పని. వాటాలు వేసేది పంపకి అనే యంత్రం. దానికి ముఖం లేదు. గోడలో ఒక గొంతు, అంతే.

"నష్టం ఈరోజూ నమోదైంది," అంది పంపకి. "సాయంత్రం సభలోగా కారణం చెప్పాలి. లేకపోతే బిళ్ల లేనివారి పేరున వేసి, వారిని బండిలో సముద్రపు రేవు విడిదికి పంపేస్తాను."

"వాళ్లే తీసినారని ఎట్ల చెప్తావు?"

"చెప్పను. బిళ్ల ఉన్నవారి పేరున ఊరికే వేయలేను, రుజువు కావాలి. లేనివారికి అక్కర్లేదు."

ఓబుళమ్మ కొలబద్దను గోడకేసి కొట్టింది.

బిళ్ల లేనివాళ్లంటే దివిసీమవాళ్లు. సముద్రం ముందు వాళ్ల పొలాలను, తర్వాత ఇళ్లను తినేస్తే మూటలతో గుట్ట ఎక్కారు. ఊరు వాళ్లను పాత వేరుశనగ యార్డులో దించింది. బిళ్లలివ్వాలంటే అన్ని వీధులూ ఒప్పుకోవాలి. ప్రతి వీధీ ఒప్పుకుంది, పక్క వీధి ముందు ఒప్పుకుంటే. ఈలోగా దయకేమీ తక్కువ చేయలేదు. దుప్పట్లు పంపారు. పాత చీరలు పంపారు. రాగిపిండి పంపారు, కలుపుకోవడానికి నీళ్లు లేకుండా. జాడీల కొద్దీ ఊరగాయలు పంపారు. యార్డు ముందు కాగితం పూలతో స్వాగత తోరణం కూడా కట్టారు. నీళ్ల సంగతి వచ్చేసరికి సభ వాయిదా పడేది. ఓబుళమ్మ వీధి వీధీ తిరిగి అడిగింది. అందరూ మజ్జిగ ఇచ్చి పంపారు.

యార్డులో నాంచారమ్మ ఎదురొచ్చింది. వచ్చినవాళ్లందరి తరఫునా మాట్లాడేది ఆమే.

"రండమ్మా, కూర్చోండి. ఊరగాయ తింటారా? మీవాళ్లు పంపినవేనండి. పిల్లలు దాహం అంటారని మూతలు తియ్యట్లేదు."

ఆమె వెనక వరసగా కుండలు. వాటి మీద తడిగుడ్డలు. ఓబుళమ్మ ఒక గుడ్డ ఎత్తి చూసింది.

"ఈ నీళ్లు యాడివక్కా?"

"గోడవతల కాలవలో వస్తున్నాయండి. ముందు మురికిగా, కాసేపటికి తేటగా. తేటవే పట్టుకుంటున్నాం. కాలవలో పారేవి పట్టుకుంటే దొంగతనమా అండీ?"

"వదిలేదెవరు?"

"ఏమోనండి. నీళ్లొచ్చిన మొదటిరోజు చీకట్లో ఒక పెద్దాయన గోడ మీంచి తొంగిచూసి, 'ముందొచ్చేవి తాగొద్దు' అని కేకేశాడు. పేరడిగితే కసురుకుని పోయాడు."

కడుగు! ఓబుళమ్మకు అప్పుడు తట్టింది. వడపోత ఇసుకలోకి కిందనుంచి నీళ్లు ఎదురు తోసి మురికి వదిలించే పని అది. చక్రం చేత్తో తిప్పాలి. తిప్పినవాళ్లు చెబితేనే పంపకికి తెలుస్తుంది. ఆ మురుగు పోయేది యార్డు వెనక కాలువలోకే. చక్రానికి పిడులు రెండే. ఒకటి ఆమె నడుముకు వేలాడుతోంది. రెండోది ఆమెకు పని నేర్పిన పాత నీరుగంటి చెన్నప్ప దగ్గర ఉండాలి. ఇప్పుడాయన సభకు పెద్ద. బిళ్లలు ఇవ్వొద్దని అందరికంటే గట్టిగా అరిచేది ఆయనే.

చెన్నప్ప తోరణం కింద నిలబడి, రాలిన కాగితం పూలను మళ్లీ కట్టిస్తున్నాడు.

"మామా, నీ పిడి ఏది?"

"అది పోయి శానా కాలమాయ."

"అరచేతిలో బొబ్బలు మాత్రం కొత్తవి."

ఆయన పిడికిలి మూశాడు. "నోరు మూసుకో పాపా. బండెక్కి పోతే రేవులో నీళ్లన్నా ఉంటాయి వాళ్లకు."

"ఉప్పునీళ్లు మామా! అవి తాగలేకనే కదా ఈడికొచ్చినారు!"

చెన్నప్ప ముఖం తిప్పుకుని, "ఆ ఎర్రపువ్వు కొంచెం పైకి కట్టు," అన్నాడు ఎవరితోనో.

సాయంత్రం సభ నిండిపోయింది. బయట బండి ఇంజను ఆగకుండా మోగుతోంది.

"కారణం?" అడిగింది పంపకి.

"కడుగు," అంది ఓబుళమ్మ.

"ఎవరు తిప్పారు? బిళ్ల ఉన్నవారైతే వారి వీధి కొళాయిలన్నీ మూస్తాను. లేనివారైతే బండి."

"వాళ్లే తిప్పింటారు!" అని వెనకనుంచి ఒకామె అరిచింది.

"పిడి లేకుండానా అక్కా? పండ్లతో తిప్పినారా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. ఓబుళమ్మ చెన్నప్ప వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఆమె నడుముకున్న పిడి విప్పి బల్లమీద పెట్టింది.

"తిప్పింది నే..."

"కూర్చో పాపా." చెన్నప్ప లేచాడు. పంచెలోంచి రెండో పిడి తీసి, ఆమె పిడి పక్కన పెట్టాడు.

"నేనే తిప్పినా. దినామూ నేనే తిప్పినా. ఈడ వద్దని అరిచిందీ నేనే, ఆడ కాలువలోకి వదిలిందీ నేనే. ఈ గోడలో గొంతుకు భయపడి దాయలేదు. మీకు భయపడి దాచినా. దుప్పటి అడగకముందే ఇచ్చి, నీళ్లడిగితే పక్క వీధిని చూపిస్తిరే, ఆ మీకు. నేను మాత్రం తక్కువా? వాళ్లు దిగిన మొదటిరోజు నేనూ ఊరగాయే తీసుకపోయినా. ఆడ ఒక యమ్మ జాడీ అందుకోని దండం పెట్టి, 'ఒక చెంబుడు నీళ్లు కూడా ఇప్పిస్తారా బాబూ' అనె. మళ్ల వస్తానని చెప్పి వచ్చేసినా. ఇంటికొచ్చి నీళ్లు తాగితే గొంతు దిగలే. అంతే, ఇంకేం లేదు. పంపకీ, రాసుకో. చెన్నప్ప, కంసాలి వీధి. కొళాయిలు మూసెయ్. మా వీధోళ్లు నన్ను తిట్టేది ఉంటే బిందెలు తీసుకోని నా వెంబడి నడుస్తా తిట్టండి. యార్డులో కుండలు నిండుగా ఉండాయి. ఆడ బిళ్ల అడగరు."