తువ్వాలు కింద మూడు అంకెలు

"నలభై రోజులు. రిజల్ట్ సున్నా. సోమవారం పొద్దున మన పేటెంట్ ఫైలింగ్. ఈలోగా లీక్ ఎక్కడో తేల్చకపోతే నువ్వక్కడే గేదెలు కాసుకో."

ఢిల్లీలో చీఫ్ ఫోన్ పెట్టేశాడు. గురజాల శివారు పశువుల సంతలో, దాణా కంపెనీ టోపీ పెట్టుకుని నిలబడ్డ ఏజెంట్ అభిరామ్ పళ్లు నూరుకున్నాడు. శనివారం, మిట్టమధ్యాహ్నం. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి పల్నాటి ఎండ గురించి ఏం తెలుస్తుంది?

మిషన్ పేరు ఆపరేషన్ నీరెండ. నరసరావుపేటలో భార్గవి అనే ఫిజిసిస్ట్ ఆరేళ్లు కష్టపడి ఒక సోలార్ సెల్ తయారుచేసింది. సెల్‌లో సిలికాన్ పలచగా ఉంటే వెలుతురు నిలవకుండా దాటిపోతుంది, మందంగా ఉంటే ధర పెరుగుతుంది. ఆవిడ సిలికాన్‌ను పలచగానే ఉంచి, దాని మీద కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు పరిచింది. ఆ నానో రేణువులు ఎండను పక్కలకు మళ్లించి సెల్ లోపలే తిప్పుతాయి. మిరప చేలో పంపు నడిపే ప్యానెల్ సగం ధరకే వస్తుంది. వెండి వాడొచ్చని లోకమంతటికీ తెలుసు. రేణువు ఎంత సైజు, రేణువుకీ రేణువుకీ ఎడం ఎంత, వెండికీ సిలికాన్‌కీ నడుమ పొర ఎంత మందం, ఈ మూడు అంకెలే గుట్టు. అవి ఒక విదేశీ ముఠాకు అందుతున్నాయని సమాచారం. వాళ్లు ముందుగా పేటెంట్ వేస్తే భార్గవి ఆరేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అభిరామ్ చేయని పని లేదు. ల్యాబ్‌లో మైకు పెడితే ఫ్యాన్ కిర్రుమనడం తప్ప ఏమీ రికార్డవలేదు. ఫోన్లు ట్యాప్ చేస్తే మిర్చి ధరలు బాగా తెలిశాయి. లాప్‌టాప్‌లు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. చివరికి ల్యాబ్ టెక్నీషియన్ విశాల్ ప్రతి శనివారం సెలవు పెట్టి సంతకు వెళుతున్నాడని తెలిసి, వేరే దారిలేక ఇక్కడికొచ్చాడు.

విశాల్ ఓ దూడను పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే దలాలి వీరయ్య, డెబ్బై ఏళ్ల మనిషి, భుజం మీద తువ్వాలు. కొనే మనిషి కారు దిగింది. పట్టుచీర, నల్ల కళ్లజోడు. ఒంగోలు జాతి కోసం వచ్చిన బ్రెజిల్ కంపెనీ మేడమ్ అని జనం దారిచ్చారు.

అభిరామ్ ఆమెను గుర్తుపట్టాడు. ఆమె ఇంద్రజ. ఢిల్లీ తనకిచ్చిన పార్ట్‌నర్. మైకులు ఎక్కడెక్కడ పెట్టాలో ప్లాన్ గీసిచ్చింది ఆమే. పొద్దున ఫోన్‌లో అతను కోడ్ ప్రకారం "కాయ ఎండిందా?" అంటే, "ఇంకా నీరెండే" అని, అంటే ఏమీ దొరకలేదని జవాబిచ్చి, విజయవాడలో ఉన్నానంది. కంచే చేను మేసిందన్నమాట.

వీరయ్య విశాల్ చెయ్యి తువ్వాలు కిందికి లాక్కున్నాడు. ఈ సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు దలాలి వేళ్లు నొక్కి చెపుతాడు, దలాలి వెళ్లి కొనేవాళ్ల వేళ్లు నొక్కుతాడు. బయటికి ఒక్క మాట పొక్కదు. అభిరామ్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. కాగితం లేదు, ఫోన్ లేదు, ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోనైనా లేదు. వారానికో అంకె.

అతను ముందుకు దూకి తువ్వాలు పట్టుకోబోయాడు. పక్కనున్న రైతు రొమ్ము మీద చెయ్యి వేసి ఆపాడు.

"బేరం మధ్యలో తువ్వాలు లాగితే ఇక్కడ చేతులిరగ్గొడతారు. తెలవదా?"

ఆ పెనుగులాటలో ఇంద్రజ పని ముగించుకుని కారెక్కింది, విశాల్ దూడతో జనంలో కలిసిపోయాడు. అభిరామ్ మాచర్ల అవతల చెక్‌పోస్టుకు ఫోన్ చేశాడు. ఎస్సై సయీదా కారు ఆపుతానంది. అరెస్టయితే చేయొచ్చు గానీ ఏం చూపించాలి? సాక్ష్యమంతా ఆమె తలకాయలో ఉంది. ఒళ్లు మండిపోతుండగా వీరయ్యను చెట్టు నీడకు లాక్కెళ్లి, మూడు వారాలుగా ఆమెకు ఏమేం చెప్పాడో అడిగాడు.

వీరయ్య దాచలేదు. మొదటి వారం ఎద్దుకు లక్షా ఇరవై వేలు. తర్వాతి వారం జతకు మూడు లక్షలు. ఇవాళ దూడకు ఇరవై నాలుగు వేలు. మూడుసార్లూ బేరం తెగలేదని ముసలాయన బాధ.

అభిరామ్ భార్గవికి ఫోన్ చేసి, వేలు తీసేసి, ముఠాకు చేరిన అంకెలు చదివాడు. నూట ఇరవై, మూడు వందలు, ఇరవై నాలుగు. క్షమించమని అడగబోయాడు.

"ఇవి నావి కావండి," అంది భార్గవి మెల్లగా. "ప్రతి ఒక్కటీ అయిదో వంతు ఎక్కువుంది."

అభిరామ్ వీరయ్య వైపు తిరిగాడు. "తాతా, విశాల్ చెప్పింది చెప్పినట్టే ఆమెకు చెప్పావా?"

వీరయ్యకు కోపమొచ్చింది. "ఏంది బాబూ అట్టా అడుగుతావు? ఉన్నదున్నట్టు చెప్పేదానికి మధ్యన నేనెందుకు? కొనేవోళ్లు ఎట్టాగూ తగ్గించి అడుగుతారు. అందుకే పదంటే పన్నెండని చెపుతా. మా నాయనా అంతే, ఆయన నాయనా అంతే."

విశాల్ తాతల నాటి వేళ్ల లెక్క నేర్చుకున్నాడు గానీ దలాలి లెక్క నేర్చుకోలేదు. ఇంద్రజా అంతే.

"ఆ కొలతలతో సెల్ చేస్తే వెలుతురు లోపలికి దిగదు," అంది భార్గవి. "ఒకసారి ఫైల్ చేశాక వాళ్లు అంకెలు మార్చుకోనూ లేరు. ఆవిణ్ని పోనివ్వండి, దయచేసి. పట్టుకుంటే వాళ్లకి అనుమానమొస్తుంది."

రెండో ఫోన్ మోగింది. సయీదా.

"సార్, గేటు వేశాం. మేడమ్‌ను దింపి బేడీలు వెయ్యబోతున్నాం."

నలభై రోజుల ఎండ, చీఫ్ తిట్లు, ఆ నల్ల కళ్లజోడు వెనక నవ్వు, అన్నీ అభిరామ్‌కు గుర్తొచ్చాయి. బతుకంతా ఒక్క డబుల్ ఏజెంట్‌నైనా చేతులారా పట్టుకోవాలని చూశాడు. ఇప్పుడు చిక్కింది.

"ఆగండి," అన్నాడు. "పొరపాటు నాదే. సారీ చెప్పి వదిలెయ్యండి."

ఇంద్రజ ఫోన్ అడిగి తీసుకుంది. "అభిరామ్, ఈ ఉద్యోగం నీకు నప్పదు. ముందే చెప్పాను."

"నిజమే మేడమ్," అన్నాడతను. ఆ రెండు మాటలు అనడానికి పడ్డ కష్టం ముందు నలభై రోజుల ఎండ ఏ మూలకీ రాదు. చెక్‌పోస్టులో గేటు లేచింది.

ఆదివారం ముఠా ఆర్భాటంగా పేటెంట్ దాఖలు చేసింది. సోమవారం పొద్దున భార్గవి తన అంకెలతో చేసింది, మధ్యాహ్నం విశాల్‌ను ల్యాబ్‌లోనే పట్టుకున్నారు. ఇంద్రజ మాత్రం విమానమెక్కి దేశం దాటిపోయింది. ఆ కడుపుమంట అభిరామ్‌కు ఇంకా చల్లారలేదు.

చీఫ్‌కు మాత్రం వీరయ్య తెగ నచ్చాడు. అలాంటి మనిషిని డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకుందామని ఫారం పంపాడు. అందులో ఒక ప్రశ్న: సమాచారం చేరవేయడంలో కచ్చితత్వానికి పదికి ఎన్ని మార్కులిస్తారు?

అభిరామ్ పన్నెండు అని రాశాడు.