గోరంత ఎక్కువ

"చెయ్యి చాపు."

"చాపితే ఏమిస్తావ్?"

"గీత పెడతా. వెదురుబద్ద మీద. ఎక్కువ వాగితే నెత్తి మీద."

కింతామణి రోడ్డు కింద ఉన్న బాతుసారి అనే కొండ ఊళ్ళో లానుస్ నోరు మూయించిన మొదటి మనిషి సాద్రి. లానుస్ ఏమో పేరుమోసిన అల్లరివాడు. పెళ్ళిలో పూజారి చెప్పులు దాచాలన్నా, పోటీకి తెచ్చిన పుంజుకి పసుపు పూయాలన్నా వాడే. ఊరంతటినీ ఏడిపిస్తాడు కానీ, తనని ఎవరైనా ఒక్క మాట అంటే మాత్రం తట్టుకోలేడు. పైగా మనిషి పొట్టి. వరికోతకి దిగితే వరి కనిపిస్తుంది కానీ లానుస్ కనిపించడని స్నేహితుల వెక్కిరింత.

దెన్పసార్ పట్నంలో రెండేళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకుని, ఊళ్ళో సొంతిల్లు కట్టుకోవడానికి వచ్చాడు. జేబులో టేపు.

"ఇది చూడు. మీటర్లు, సెంటీమీటర్లు. ఈ వేళ్ళు, మూరలు, బారలు ఎందుకు?"

"టేపు పడుకుంటుందా బ్లీ ఆ ఇంట్లో?" అంది సాద్రి. 'బ్లీ' అంటే అన్నా అని. కానీ ఆ పిల్ల అన్న తీరులో అన్నా లేదు, గౌరవమూ లేదు. "పడుకునేది నువ్వు. స్తంభం నీ వేలికి తగ్గట్టు ఉండాలి, గుమ్మం నీ భుజాలకి తగ్గట్టు ఉండాలి. లేకపోతే అది ఇల్లు కాదు, హోటలు."

అరుగు మీద తాంబూలం నములుతున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆయన పన్ సాద్రి, అంటే సాద్రి నాన్న. మొదటి బిడ్డ పుట్టాక తండ్రి సొంత పేరు అక్కడ ఎవరికీ గుర్తుండదు. నలభై ఏళ్ళుగా కొండ మీద వెదురిళ్ళన్నీ కట్టిన మేస్త్రి ఆయనే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. అందుకే ఈ ఇంటి కొలత కూతురికి అప్పజెప్పాడు. ఆడపిల్ల కొలవడమేమిటని వాడపెద్ద గొణిగాడు. "ఈ ఒక్క ఇల్లు చూడండి. బాగుంటే తర్వాతవన్నీ దానివి. బాగోకపోతే నా పని నాతోనే సరి" అన్నాడు పన్ సాద్రి.

బార అయింది, మూర అయింది. చివరికి చూపుడువేలు. స్తంభాలకి అదే ఆధారం. వేలు ఎంతో, దానికి ఇరవై ఒక్కరెట్లు స్తంభం. అరుగు ఎత్తూ, దూలం ఎత్తూ ఆ స్తంభాన్ని బట్టే.

వేలు కొలవాలంటే చెయ్యి పట్టుకోవాలి. అంతవరకూ గీతల గురించి దబాయించిన పిల్ల ఒక్కసారిగా తలొంచుకుంది. వెదురుబద్ద చాపి, మొహం పక్కకి తిప్పుకుని, "నువ్వే పెట్టి చెప్పు. ఎంతదాకా వచ్చింది?" అంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఎర్రటి చెవులే కొంప ముంచాయి. ఆ పిల్ల ముందు కాస్త పొడుగ్గా కనిపించాలని లానుస్‌కి ఎక్కడలేని ఆశ పుట్టింది. వేలు ఆగిన చోటు కాకుండా, ఇంకో గోరంత ముందు చూపించాడు.

"ఇదిగో, ఇక్కడిదాకా."

సాద్రి గీత పెట్టింది.

ఇల్లు లేవడానికి ఆరు నెలలు పట్టింది. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో వెదురు కొట్టారు, ఎందుకంటే ఆదివారం కొట్టిన వెదురు పుచ్చిపోతుందని అక్కడి నమ్మకం. కింద వాగులో నానేశారు. కప్పు వేసే రోజున జనాన్ని పిలిచే కొయ్యడప్పు మోగితే వాడంతా వచ్చింది. మగాళ్ళు కప్పెక్కి గడ్డి పరిచారు, ఆడాళ్ళు అన్నం వండారు. సగం కప్పేసరికి వాన. మిగతావాళ్ళు పాత వంటింట్లోకి పరిగెత్తారు. కప్పిన సగం కింద లానుస్, సాద్రి మిగిలారు. అనుకోకుండా కాదులెండి.

"సిమెంటుదైతే ఈపాటికి అయిపోయేది" అన్నాడు వాడు.

"అయ్యేది. మధ్యాహ్నానికి లోపల నువ్వూ ఉడికిపోయేవాడివి."

"ఇది ఇరవై ఏళ్ళకి పోతుందిగా?"

"పోతే పోనీ. వాగు పక్కన మళ్ళీ మొలుస్తుంది. పగిలిన సిమెంటు ఎక్కడ మొలుస్తుంది?"

"మా మేనమామ గుండెల్లో. అది ఎప్పట్నుంచో అక్కడే ఉంది."

సాద్రి పకపకా నవ్వింది. తర్వాత వాన వైపు చూస్తూ, ఎవరికో చెప్పినట్టు చెప్పింది. "ఇల్లయ్యాక మీ అమ్మని మా ఇంటికి పంపు, బ్లీ."

ఆ సాయంత్రం లానుస్ పొలంగట్టు మీద గంతులేసి బురదలో పడ్డాడు. ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

గృహప్రవేశం నాడు వాడంతా ముంగిట్లో చేరింది. నైవేద్యాలయ్యాక లానుస్ కొత్త అరుగెక్కి కూర్చోవాలి. అరచేతులు ఆనించి, ఎగిరి, మళ్ళీ ఎగిరి, ఎలాగో ఎక్కాడు. కాళ్ళు గాల్లో వేలాడాయి. నేల పాదాలకి జానెడు కింద ఉంది. దూలానికి వేలాడదీసిన నైవేద్యం తట్ట అందుకోబోతే అదీ అందలేదు. గోరంత అబద్ధం ఇరవై ఒక్కరెట్లు పెరిగి ఇంటి నిండా నిలబడి ఉంది.

"ఇదేం కొలతరా? ఏనుక్కి కట్టారా?" అన్నాడు వాడపెద్ద. "ముందే చెప్పా. ఆడపిల్ల చేత కొలిపిస్తే ఇంతే."

పన్ సాద్రి తాంబూలం నమలడం ఆపేశాడు. సాద్రి మాత్రం బెదరలేదు. నేరుగా లానుస్ కేసి చూసింది.

"బ్లీ, నువ్వు చెప్పు. నువ్వు చూపించిన చోటే కదా నేను గీసింది?"

యాభై మొహాలు వాడి వైపు తిరిగాయి. 'అవును, నేనే ఎక్కువ చూపించా' అంటే చాలు. కానీ పొట్టివాడు పొడుగు కావాలనుకున్నాడని ఈ యాభై మందీ జీవితాంతం నవ్వుతారు. వాడి నాలుక అలవాటు ప్రకారం తిరిగింది.

"ఏమో మరి! అప్పట్నుంచి నా వేలు అరిగిపోయిందేమో!"

వాడంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు. సాద్రి నవ్వలేదు, ఏడవలేదు. నైవేద్యాల తట్టలు సర్ది, నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా సింగరాజా పట్నంలో పిన్ని ఇంటికి వెళ్ళి బట్టల కొట్లో చేరింది. లానుస్ వాళ్ళమ్మ వెళ్తే పన్ సాద్రి కాఫీ ఇచ్చి, "పిల్ల ఊళ్ళో లేదు తల్లీ" అని మర్యాదగా పంపేశాడు. లానుస్ ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో వాడికీ తెలీదు. రెండేళ్ళలో వాడలో నాలుగు సిమెంటు ఇళ్ళు లేచాయి. వాడు మాత్రం రోజూ పీట వేసుకుని అరుగెక్కేవాడు.

ఒక సాయంత్రం వాడ సభలో పక్కింటి కుర్రజంట లేచి, తమకి వెదురిల్లే కావాలంది.

"కొలిచేదెవరు?" అన్నాడు వాడపెద్ద. "పన్ సాద్రికి చేతకాదు. ఆయన కూతురి కొలత చూశాం కదా."

పన్ సాద్రి వణికే చేతుల్ని పంచె మడతలో దాచుకున్నాడు.

లానుస్ లేచాడు. "కొలత సరైందే. అబద్ధం నాది. వేలు ఇక్కడిదాకా వస్తే, అక్కడిదాకా వచ్చిందని చూపించా. పొడుగ్గా కనిపిద్దామని."

అందరూ నవ్వారు. రెండేళ్ళుగా వాడు భయపడ్డ నవ్వు అదే. ఎంతసేపుంది? ఎవరో దగ్గారు. ఎవరో కాఫీ అందుకున్నారు. వాడపెద్ద "మరి ముందే ఏడవొచ్చుగా" అన్నాడు. అంతే, అయిపోయింది. ఈ కాస్త నవ్వుకా తను అంత పిల్లని పోగొట్టుకున్నది? లానుస్ ఉన్నచోటే చతికిలబడ్డాడు.

తెల్లారి బండేసుకుని సింగరాజా వెళ్ళాడు. సాద్రి కొట్లో చీటీగుడ్డ మడతపెడుతోంది.

"సభలో చెప్పేశాను."

"తెలుసు. బాపా ఫోన్ చేశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు." తండ్రిని ఆమె బాపా అనే పిలుస్తుంది.

"నన్ను తిట్టు."

"తిట్టే రోజులు పోయాయి బ్లీ. మొదటేడు రోజూ తిట్టాను. నువ్వు వినలేదు."

"మా అమ్మని పంపిస్తాను. రేపే."

సాద్రి గుడ్డ మడత విప్పి మళ్ళీ పెట్టింది. "పోయిన నెల ఈ ఊళ్ళోనే ఒకాయన వాళ్ళమ్మ వచ్చింది. బాపా సరేనన్నాడు. నేనూ అన్నాను."

కొట్టు బయట వాన మొదలైంది. లానుస్ దాని వైపు తిరిగి అడిగాడు.

"మంచివాడేనా?"

"మంచివాడే. జోకులు రావు."

వాడు నవ్వబోయాడు, కుదర్లేదు. ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "ఆ రోజు నువ్వు నిజం చెప్తావని ఎంత నమ్మకంగా అడిగానో తెలుసా? కొలత తప్పయితే సర్దుకునేదాన్ని." మడతపెట్టిన గుడ్డని అరలో పెట్టి, "ఆ జంట ఇల్లు మాత్రం నేనే కడతా. అదయ్యాకే పెళ్ళి. ఆయనకీ చెప్పేశాను. వెదురు మొయ్యడానికి మనుషులు కావాలి" అంది.

"నేనున్నాను."

ఆమె వచ్చింది. కుర్రజంటని కొలిచింది. ఆ కుర్రాడు వేలు పెడుతుంటే, వాగు దగ్గర్నుంచి లానుస్ కేకేశాడు: "ఒరేయ్, సరిగ్గా పెట్టి చావు! నా బతుకు చూశావుగా!" వాడంతా నవ్వింది. సాద్రి కూడా నవ్వింది, వాడికేసి చూడకుండా.

ఇంటికి ఐదు నెలలు పడుతుంది, అదవగానే సాద్రి పెళ్ళి. వాగు నుంచి గుట్ట మీదికి వెదుళ్ళు మొయ్యాలి. అందరూ రెండేసి మోస్తున్నారు.

"ఏరా, ఒళ్ళు బద్ధకమా?" అని ఎవరో ఏడిపించారు.

లానుస్ భుజం మీది వెదురు సర్దుకున్నాడు. ఒక్కొక్కటే మోసుకుంటూ, నెమ్మదిగా పైకెక్కాడు.