మొండయ్య మీద మోటరు కేసు

"నా కొడుకు దొంగ కాదు సారూ. సచ్చినోడు ఎట్లాగూ తిరిగి రాడు. గా మాటొక్కటి ఊరి ముందట చెప్పియ్యి."

కరీంనగర్‌లోని ఆ చిన్న ఆఫీసులో భూమవ్వ కుర్చీ అంచున కూర్చుంది. డిటెక్టివ్ విద్యాధర్ ఆమెను తొందరపెట్టలేదు. సహాయకురాలు స్పందన మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా రాసుకుంది.

ఆమె కొడుకు మొండయ్య టేకు కలప కేసులో విచారణ ఖైదీ. కరోనా వచ్చిన మొదటి ఏడాది, జైళ్లలో మందిని తగ్గించడానికి మధ్యంతర బెయిలిచ్చి పంపారు. ఖానాపూర్ దగ్గరి సొంతూరు చేరిన నాలుగో రోజే లక్ష్మణ్‌రావు దొర బావి మీది కరెంటు మోటరు పోయింది. మొండయ్య ఎత్తుకుపోతుంటే చూశానన్నాడు దొర పాలేరు హనుమండ్లు. బెయిలు రద్దయింది. జైల్లో జ్వరమొచ్చి ఇరవై రోజులకే మొండయ్య పోయాడు. కేసు మూతపడింది, దొంగ అన్న పేరు మిగిలింది. ఇది జరిగి రెండేళ్లు.

మర్నాడు ఆ ఊరెళ్తే లక్ష్మణ్‌రావే వాళ్లను బావి దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఈ మోటరు?" అడిగాడు విద్యాధర్.

"తర్వాత కొన్న. నిర్మల్ల, దుకాణంల."

స్పందన వంగి చూసింది. మోటరు మీద నంబరు ఉండే రేకును ఎవరో ఆకురాయితో గీకేశారు. విద్యాధర్ తలూపి, కేసు కాగితాల్లోంచి తెచ్చిన పాత పోలీసు ఫొటోనే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఫొటోలో, మోటరు పోయిన చోట మిగిలిన తీగల చివరలకు నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది.

తర్వాత హనుమండ్లును పిలిచాడు.

"దొంగ మూతికి గుడ్డ ఉండెనా?"

"ఉండె. గప్పుడు అందరికి ఉండె."

"మరి మొండయ్యేనని ఎట్లా గుర్తుపట్టినవ్?"

"దొర చెప్పమన్నడు," అన్నాడు హనుమండ్లు.

సాయంత్రం దొర వాకిట్లో ఊరివాళ్లందరూ కూడారు. భూమవ్వ మెట్ల కింద నిలబడింది.

"దొంగ తీగ కోసి పారిపోతాడు. ఎవరికీ షాక్ కొట్టకూడదని టేపు చుట్టి పోడు," అన్నాడు విద్యాధర్. "ఆ చేలో తిరిగేది మీ మనుషులు, మీ పశువులు. ఇక దుకాణంలో కొన్న మోటరు నంబరును ఎవరూ గీకరు. ఇది పోయిందన్న మోటరే. మీరే విప్పి దాచారు, రావు గారూ. మొండయ్య పోయాక మళ్లీ బిగించారు."

లక్ష్మణ్‌రావు కాదనలేదు.

"గప్పుడు నా బిడ్డ రుచిత నిండు చూలాలు. జైళ్లల్ల రోగమున్నదని టీవీల చెప్తుండిరి. వాడు మా వాకిలి ముంగటికెళ్లే నడుస్తుండె. పోలీసులు తీస్కపోతే నెల దినాలు దూరముంటడనుకున్న. సావాలని కాదు. రెండేండ్ల సంది నాకు కంటికి నిద్ర లేదు."

స్పందన తలెత్తలేకపోయింది. ఆ రోజుల్లో రోగం తెస్తుందని తమ వీధివాళ్లు ఒక నర్సు చేత ఇల్లు ఖాళీ చేయిస్తుంటే తనూ సరేనంది.

"రేపు ఠాణాలో ఇదే చెప్పాలి," అన్నాడు విద్యాధర్.

"వస్త."

భూమవ్వ శాపాలు పెడుతుందనుకున్నారంతా. ఆమె గొంతు పెంచలేదు.

"ఒక్క మాట నాతోని చెప్తే అయిపోతుండె గద దొరా. కడెం కాడ మా చెల్లె ఇంటికి వాన్ని తోలుదును." తర్వాత అడిగింది: "గప్పుడు పుట్టిన పిల్ల మంచిగున్నదా?"