సున్నా మీద పడుకున్న ముల్లు

తెరే పికప్ ఆపి దిగేసరికి అకైతి తన మెకానిక్ షెడ్డులో ఒక స్కూటర్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. తలెత్తి బండిని చూసింది. తరువాత అతన్ని చూసింది. బండిని చూసినంత ప్రేమగా మాత్రం చూడలేదు.

“ఏమైంది దానికి?”

“మీటరు పనిచేయట్లేదు. ముల్లు సున్నా మీద పడుకుంది. ఎంత తొక్కినా లేవట్లేదు.”

“నువ్వు నడిపే స్పీడుకి అది లేవాల్సిన పనేముందిలే.”

రెండేళ్ల తరువాత ఆమె అతనితో మాట్లాడటం ఇదే మొదటిసారి. ఎత్తిపొడుపే అయినా తెరేకి ప్రాణం లేచొచ్చింది.

“శుక్రవారం ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మీటరు లేకపోతే పాస్ చెయ్యరు. ఇక టారో దుంపలు నెత్తిన పెట్టుకుని సంతకెళ్లాలి.”

“వెళ్లు. ఒళ్లు తగ్గుతుంది,” అంటూనే టార్చి అందుకుంది.

ఆ పికప్ ఒకప్పుడు ఆమె తండ్రి తావోకియాది. తితికావేకా ఊరి పిల్లలంతా దాని వెనక తొట్టిలోనే బడికి వెళ్లేవాళ్లు. వానొస్తే ఒకే టార్పాలిన్ కింద పన్నెండు తలలు. అకైతి ముందు సీట్లో పొడిగా కూర్చుని, వెనక అద్దంలోంచి తెరేని చూసి నాలుక చాపేది. అతను తడిసిన చెప్పుతో అద్దం మీద కొట్టేవాడు. తావోకియా ఇద్దరినీ పట్టించుకోకుండా ఈల వేసుకుంటూ నడిపేవాడు. ఇప్పటికీ వాన మొదలైతే చాలు, తెరేకి ఆ తడి యూనిఫారాల వాసన ముక్కుకి తగులుతుంది.

రెండేళ్ల కింద తావోకియాకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అకైతి పక్క దీవికి పని మీద వెళ్లిన వారంలో ఆయన బండిని తెరేకి అమ్మేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ. నాన్న జబ్బు చూసి బండి కొట్టేశాడని ఆ రోజు నుంచి తెరేతో మాటల్లేవు. ప్రతి ఆదివారం అతను ఆయన్ని చర్చికి తీసుకెళ్లడానికి వస్తే, ఆమె ముందే స్కూటర్ మీద వెళ్లిపోయేది.

“కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయా?” అడిగింది అకైతి.

“అవీ ఆగిపోయాయి.”

“రెండూ ఒకేసారి ఆగాయంటే కేబులు తెగుంటుంది.”

బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ దగ్గర కేబులు విప్పి, లోపలి తీగని వేళ్లతో తిప్పింది.

“డ్యాష్‌బోర్డు దగ్గర చెవి పెట్టు. ఏమైనా వినపడుతోందా?”

“గరగరమంటోంది.”

“ముల్లు?”

“ఊహూఁ.”

కేబులు తెగలేదన్న మాట. పై చివరే మీటరుకి అందడం లేదు. అకైతి బయటికొచ్చి డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నట్టు ఊడింది.”

“గతుకులకి వదులై ఉంటుంది.”

“గతుకులకి ఊడితే దానంతటదే గుడ్డ కట్టుకుని కూర్చుంటుందా?” కేబులు చివర లాగి చూపించింది. దుమ్ము చేరకుండా గుడ్డపేలిక చుట్టి ముడి వేసి ఉంది. “నాతో మాట్లాడ్డానికి నువ్వే విప్పావు కదూ? రెండేళ్లు ఆగి, చివరికి ఇంత చచ్చు ఉపాయమా?”

తెరే ఏదో అనబోయి గుడ్డ చూసి ఆగిపోయాడు. ఎర్ర మందారాల అచ్చు. షెడ్డు పక్కనే ఇంటి వరండాలో కుర్చీలో ఉన్న తావోకియా ఎన్నడూ లేనంత శ్రద్ధగా సముద్రాన్ని చూస్తున్నాడు.

“అవును, నేనే విప్పాను,” అన్నాడు తెరే.

అకైతి కోపంగా ముడి విప్పింది. గుడ్డని వెలుతురులోకి తిప్పి చూసింది.

“ఇది ఎక్కడిది?”

“మా ఇంట్లోదే. పాత గుడ్డ.”

“మా నాన్న చొక్కా మీ ఇంట్లో ఎందుకుంది?”

ఆమె వరండా వైపు తిరిగింది.

“నాన్నా.”

“వినపడుతోంది. పడిపోయింది చెయ్యి, చెవి కాదు.”

“నువ్వే విప్పావా?”

“చర్చి అయ్యాక వీడు ఊరంతటినీ పలకరించి వచ్చేసరికి అరగంట. బండిలో కూర్చుని నాకేం పని?”

“ఎడం చేత్తోనా?”

“మూడు ఆదివారాలు పట్టింది. రెండో వారం వేళ్లు జారి మళ్లీ బిగిసిపోయింది.”

నిరుడు ఆ చేత్తో చెంచా పట్టుకోవడమే ఆయనకి రాలేదు. అకైతికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

“బండి ఎందుకమ్మావని నన్నొక్కసారైనా అడిగావా? వాడి మీద పడ్డావు,” అన్నాడాయన. “నేనెటూ మూల కూర్చున్నాను. అదీ నాతోపాటు తుప్పు పట్టాలా? కొంటానని వాడు రాలేదమ్మాయీ. నేనే పిలిచి ఇచ్చాను.”

ఆమె తెరే వైపు చూసింది. “మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“చెప్పనిచ్చావా? వస్తే కుక్కని వదిలావు.”

“ఇప్పుడు నేరం నీ మీద ఎందుకు వేసుకున్నావు?”

“ఆయన్ని కేకలేస్తావని.” తెరే నేల చూశాడు. “నిజం చెప్పాలంటే, ఆ ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. బడి రోజుల నుంచీ నీతో మాట్లాడ్డానికి వంకలే వెతుకుతున్నాను. నువ్వంటే నాకు ఇష్టం అకైతి. అప్పుడూ, ఇప్పుడూ.”

అకైతి తీగని తుడిచి పల్చగా గ్రీజు రాసింది. పై చివర మాత్రం వదిలేసింది, మీటర్లోకి ఎక్కకుండా. ఆమె కింది చివర తగిలించి పై నట్టు బిగిస్తున్నంతసేపూ తెరే టార్చి పట్టుకున్నాడు. వెలుగు నట్టు మీద కన్నా ఆమె చెంప మీదే ఎక్కువ పడింది.

“టార్చి సరిగ్గా పట్టు,” అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మీటరు పనిచేస్తోందో లేదో చూడటానికి ఇద్దరూ బండెక్కి తీరం రోడ్డు మీదికి వెళ్లారు. ఆమే నడిపింది. ఒక జల్లు వచ్చి అద్దం తడిపి వెళ్లింది. ముల్లు వణికి, లేచి, ఇరవై దాటి ముప్పై మీద నిలబడింది. ఇద్దరూ ముల్లునే చూశారు, ఒకరినొకరు చూసుకోవాల్సి వస్తుందని.

“ఈ ఆదివారం,” అంది అకైతి, “నా స్కూటర్ బయటికి తియ్యను.”

శుక్రవారం బండి పరీక్ష నెగ్గింది. ఆదివారం తెరే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అకైతి తెల్లటి కొబ్బరాకు టోపీతో వాకిట్లో నిలబడి ఉంది. ఉన్నది ఒక్కటే పొడుగాటి సీటు.

“కిటికీ పక్కన నేను కూర్చుంటాను. నాకు గాలి కావాలి,” అన్నాడు తావోకియా. అకైతి మధ్యలో, తెరే భుజానికి భుజం ఆనించి కూర్చోక తప్పలేదు.

చర్చి ముందు ముగ్గురూ దిగుతుంటే ఆడవాళ్ల చేతుల్లో విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగాయి. పొరుగింటి ముసలమ్మ ఉండబట్టలేక అడిగింది.

“ఏం తావోకియా, బండి మళ్లీ మీదైపోయిందా?”

“అయిపోయింది,” అన్నాడాయన తెరే భుజం ఆసరాగా పట్టుకుని. “డ్రైవరుతో సహా.”