కొండచరియ మీద మొలిచినవి

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ గింజలు వేయిస్తున్నాను. వానలు పడితే మా మజతెక్ తెగవాళ్ల కొండల్లో ఇళ్లన్నీ పొగ వాసనే. నా భర్త నతాలియో మీద కొండచరియ విరిగిపడి నెల కావస్తోంది. శవం దొరకలేదు. ఆ రోజు వెంట ఉన్నది మా మరిది క్రెసెన్సియో ఒక్కడే. "వాగు దగ్గరున్నా వదినా, చూస్తుండగానే పోయాడు" అన్నాడు మొదట. తర్వాత మా అత్తతో కాఫీ తోటలో ఉన్నానన్నాడు. అప్పటినుంచి నా కళ్లలోకి చూడడం మానేశాడు.

జారిన ఆ మట్టిలోనే చిన్నారులు మొలిచాయి. ఆ మత్తు పుట్టగొడుగుల్ని మేం అలాగే పిలుస్తాం. వాటిల్లో కొండచరియ రకం అన్నిటికన్నా గట్టిది. మనసులో ఏదైనా దాచినవాడి చేత మాట్లాడిస్తుందంటారు. గుప్పెడు పీకి, అరటాకులో చుట్టి, మందులిచ్చే అపొలోనియా అవ్వ గుడిసెకు వెళ్లాను. మరిదినీ రమ్మన్నాను.

"ఇవన్నీ ఎందుకు వదినా? పోయినోడు పోయాడు."

"భయమా?"

"నాకేం భయం!" విసురుగా వచ్చి కూర్చున్నాడు.

అవ్వ ఆకు విప్పింది. వేలితో నొక్కితే నీలం తేలే జాతి అది. తలలు శుభ్రంగానే ఉన్నాయి. మట్టిలో ఉన్న మొదళ్లు మాత్రం కమిలి ముదురు నీలం.

"మొదలు పట్టుకుని పీకావా అమ్మీ?"

"లేదవ్వా. తల పట్టుకుని లాగితే వచ్చేశాయి."

"మరి కింద పట్టుకున్నదెవరు?"

అవ్వ వాటిని ధూపంలో తిప్పి, జంటలు జంటలుగా మా చేతుల్లో పెట్టింది. మట్టి రుచి, చేదు. దీపం ఆర్పేసింది.

చీకటి. పైన రేకు మీద వాన. ముందు ఆవలింతలు, ఆ తర్వాత కాళ్లలోంచి చలి. కళ్లు మూసినా తెరిచినా ఒకటే. నా అంగీ మీద కుట్టిన పిట్టలు మెరుస్తూ, చీకట్లోకి లేచి తిరుగుతున్నాయి. ఒక్కో చినుకూ విడివిడిగా వినబడుతోంది. క్రెసెన్సియో నవ్వుతున్నాడు. ఆపకుండా నవ్వుతున్నాడు...

ఆగిపోయాడు.

"వదినా..." గుసగుస. "అన్న పిలిచాడు."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మట్టి కిందనుంచి... నా పేరు పెట్టి. నేను తవ్వలేదు. మళ్లీ జారుతుందేమోనని పారిపోయా. మర్నాడెళ్తే ఇంకా పిలుస్తున్నాడు..."

"మర్నాడు కూడానా?"

"నిన్న కూడా."

తెల్లారింది. మత్తు పూర్తిగా దిగింది, కోపం దిగలేదు. వాడి చేతికి పార ఇచ్చి ముందు నడవమన్నాను. కూలిన చెట్టు పక్కన ఆగి "ఇక్కడే" అన్నాడు. వంతులేసుకుని తవ్వాం. నడుము లోతున పార ఉన్నట్టుండి ఖాళీలోకి దిగింది.

లోపల గుల్ల. ఒక మనిషి పడుకుంటే సరిపోయేంత. పైన మట్టి మేం తవ్వేదాకా ఎక్కడా కదిలిన జాడ లేదు. శవం లేదు... గుడ్డపీలిక కూడా లేదు.

మరిది మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నాడు. నేను వంగి లోపల చెయ్యి పెట్టాను. నెలరోజుల వాన తాగిన మట్టి, చల్లగా ఉండాలి.

వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన పక్కలా.